నా కంప్యూటర్ తట్టిన తలుపులు

ఆ బుధవారం ఉదయం మా ఆయన ఆఫీస్ గదిలోంచి వంటింట్లోకి వచ్చి, "నీ లాప్‌టాప్ నా లాప్‌టాప్ జోలికి వస్తోందట. మా సెక్యూరిటీ వాళ్ళు మెయిల్ పెట్టారు" అన్నారు.

నేను ఉప్మాకి పోపు వేస్తున్నాను. "నాది ఎక్కడికీ వెళ్ళలేదండీ. అదిగో, డైనింగ్ టేబుల్ మీదే ఉంది" అన్నాను.

"నేను జోక్ చెయ్యట్లేదు."

ఆయన ముఖం చూసి స్టవ్ కట్టేశాను.

మెయిల్‌లో ఉన్న సంగతి ఇది. మా ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్న ఇంకో కంప్యూటర్, ఆయన కంపెనీ లాప్‌టాప్‌ని ప్రింటర్ అనుకున్నట్టు పదేపదే పలకరిస్తోంది. కాగితం ఉందా, ఇంకు ఉందా, సిద్ధంగా ఉన్నావా అని అడిగే తరహా సందేశాలు, ఆదివారం నుంచి ఎడతెగకుండా. వాటికి తోడు, ఇక్కడ స్కానర్ ఏదైనా ఉందా అని నెట్‌వర్క్ మొత్తానికి వినపడేలా వేసే కేక ఒకటి. ఇలా ఊరికే తలుపులు తట్టి చూసేవి చాలాసార్లు దొంగ ప్రోగ్రాములై ఉంటాయట. శుక్రవారం సాయంత్రం ఐదింటిలోపు దీన్ని ఆపాలి. ఆపడమే కాదు, ఎందుకు జరిగిందో ఫారంలో రాసి పంపాలి. లేకపోతే ఇంటి నుంచి పనిచేసే అనుమతి రద్దవుతుంది.

ఆ అనుమతి మీదే మా బతుకు నడుస్తోంది. ఆయన హెడ్ ఆఫీస్ వేరే స్టేట్‌లో ఉంది, మేముండే క్యారీ నుంచి కార్‌లో పదిహేను గంటలు. టీమ్‌లో మిగతా అందరూ అక్కడికి మారిపోయారు. మా అమ్మాయి ట్వెల్త్ గ్రేడ్ అయ్యేదాకా అని ఆయన మేనేజర్ పైవాళ్ళతో మాట్లాడి తెచ్చిన మినహాయింపు అది. పోతే రెండు వారాల్లో సామాను సర్దుకోవాలి. పిల్ల చివరి ఏడాది చదువు మధ్యలో, తొమ్మిదేళ్ళుగా మేమంతా కలిసి కట్టుకున్న తెలుగు క్రైస్తవ సంఘాన్ని వదిలేసి, ఎవరూ తెలియని ఊరికి.

"ఆ డబ్బాని ఆపేసి అటక మీద పడెయ్. అంతటితో అయిపోతుంది" అన్నారాయన.

"కారణం రాయమన్నారుగా. అటక మీద పెట్టాం అని రాస్తారా?"

ఆయన పదిన్నరకి మీటింగ్ ఉందని చల్లారిన ఉప్మా పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయారు.

నిజానికి నేను భయపడాలి. భయపడ్డాను కూడా. కాని భయం కింద ఇంకేదో కదిలింది, దాన్ని దాచుకోవడం ఎందుకు, అది సంతోషం. ఇంట్లో ఎవరికీ తెలియని ప్రశ్న ఒకటి నా టేబుల్ మీద కూర్చుంది. దానికి జవాబు ఎక్కడో ఉంది. రెండున్నర రోజుల టైముంది.

నా చిన్నప్పుడు సండే స్కూల్లో వాక్యం వెతికే పోటీ ఉండేది. పిల్లలందరం బైబిల్ గ్రంథం మూసి తలమీద పెట్టుకుని నిలబడేవాళ్ళం. టీచర్ ఒక పుస్తకం పేరు, అధ్యాయం, వచనం చెప్పి "వెతకండి" అనగానే పేజీలు తిప్పి, ముందు దొరికినవాళ్ళు పైకి చదవాలి. మా నాన్న ఆ సంఘానికి కాపరి, అంటే పాస్టర్. ఆ మందిరం వెనక గదిలోనే పుట్టి పెరిగినదాన్ని కాబట్టి నాకు పేజీలు చూడకుండానే వేళ్ళకి తెలిసిపోయేవి. నంబర్ చెప్తే చోటు దొరుకుతుంది. ఆ ధీమా అప్పటి నుంచీ ఉంది. చదివింది తెలుగు ఎమ్మే, కంప్యూటర్ల గురించి వాడేవాళ్ళకి తెలిసినంతే తెలుసు. అయినా ఆ పూట కుర్చీ లాక్కుని ఆ లాప్‌టాప్ ముందు కూర్చుంటే, గ్రంథం తలమీద పెట్టుకుని నిలబడ్డట్టే అనిపించింది.

ఆ లాప్‌టాప్ గురించి చెప్పాలి. మా ఆయన వాడి వదిలేస్తే నేను తీసుకున్నాను. సంఘం పాటలన్నీ అందులోనే ఉంటాయి. మా తెలుగు సంఘానికి ఆదివారం ఆరాధనకి అద్దె హాలు ఉంది గాని, శనివారం కూడిక మాత్రం ఒక్కో వారం ఒక్కో ఇంట్లో. ఆ రోజు పాటలు, వాక్యభాగం ఉన్న షీట్లు నలభై కాపీలు నేనే సిద్ధం చేస్తాను. మొదట్లో మా ఇంట్లోనే ప్రింట్ తీసి పట్టుకెళ్ళేదాన్ని. ఆరేళ్ళ కిందట ఒకసారి, పక్క ఊరు రాలీలో ఉండే నర్సక్క, "మా ఇంట్లో కూడిక అయినప్పుడు కాగితాలు కూడా మావే ఉండాలమ్మా, మేమూ ఏదో ఒకటి చెయ్యాలి కదా" అంది. ఆ మాట అందరికీ నచ్చింది. అప్పటి నుంచి ఎవరింట్లో కూడికైతే వాళ్ళ ప్రింటర్ మీదే షీట్లు. నేను గంట ముందే లాప్‌టాప్ పట్టుకుని వెళ్తాను. వైఫైలో వాళ్ళ ప్రింటర్ ఒకసారి కనపడుతుంది, ఒకసారి కనపడదు. అందుకని ఇంటివాళ్ళని ప్రింటర్ మీదుండే చిన్న తెరలో నంబర్ చదవమంటాను, నేను టైప్ చేస్తాను. అంతే, బిరియానీ వాసనలో నలభై కాపీలు గడగడా వచ్చేస్తాయి. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఇండియా నుంచి తెచ్చుకున్న చేతిరాత పాటల నోట్‌బుక్ ఇస్తే, అక్కడే స్కాన్ కూడా చేసుకుంటాను.

బుధవారం మధ్యాహ్నానికి నా మొదటి అనుమానం మా సొంత ప్రింటర్ మీదికి పోయింది. మేడ మీద మూలగదిలో ఉంటుంది, ఆరు నెలలకోసారి స్కూల్ ఫారాలకి పనికొస్తుంది. దాని ప్లగ్ పీకేశాను. వైఫైలోంచి దాని పేరే తీసేశాను. గంట ఆగి మా ఆయన గది తలుపు తెరిచి, "ఆగిందా?" అన్నాను.

ఆయన మ్యూట్ నొక్కి, "సెక్యూరిటీ ఆయన్ని అడిగాను. ఏమీ ఆగలేదట" అన్నారు.

ప్రింటర్ లేదు. ప్రింటర్ కోసం వెతుకులాట మాత్రం ఉంది. మెట్ల మీదే కూర్చుని నవ్వాను.

ఆయన అనుమానం రౌటర్ మీద. శనివారం ఉరుములకి పాతది పోతే, ఆదివారం ఆరాధన నుంచి వస్తూ కొత్తది కొని పెట్టాం. గొడవ కూడా ఆదివారం నుంచే. "ఇది తిరిగిచ్చేసి ఇంకోటి తెస్తాను" అన్నారు. రోజులు కలుస్తున్నాయి కాబట్టి నాకూ నిజమే అనిపించింది. కాని మెయిల్ మళ్ళీ చదివితే, తడుతున్నది రౌటర్ కాదు, నా లాప్‌టాప్ అని స్పష్టంగా ఉంది.

"మరి వైరస్సే. మొత్తం చెరిపేసి ఫ్రెష్‌గా ఇన్‌స్టాల్ చేద్దాం" అన్నారు.

"చెరిపేస్తే కారణం కూడా చెరిగిపోతుంది కదండీ."

ఆయన నా ముఖంలోకి చూసి, "నీకిది సరదాగా ఉంది కదా?" అన్నారు.

"మీకు కోపమొస్తుందని చెప్పలేదు" అన్నాను.

గురువారం నేను ఉపవాసం పెట్టుకున్నాను. పొద్దున మోకరించి ప్రార్థించాను. దాచబడినది బయటికి రావాలి, నా ఇంట్లో నాకు తెలియకుండా ఏం జరుగుతోందో నాకు చూపించు అని అడిగాను. లేచి మా సంఘంలో నేను చెల్లీ అని పిలిచే అమ్మాయికి ఫోన్ చేశాను. వాళ్ళది వరంగల్. రీసెర్చ్ ట్రయాంగిల్ పార్క్‌లో నెట్‌వర్క్ ఇంజనీర్. కూడికలో వెనక వరసలో కూర్చుని అందరికంటే గట్టిగా పాడుతుంది. ఆ రోజు ఇంటి నుంచే పని చేస్తోంది.

అంతా విని, "ఉపవాసమున్నవా అక్కా? మంచిదే, ఉండు. గని నేను పంపే ప్రోగ్రామ్ గూడ ఇన్‌స్టాల్ చెయ్యి" అంది.

ఆ ప్రోగ్రామ్, కంప్యూటర్ లోపలికీ బయటికీ పోయే ప్రతి సందేశాన్నీ ఒక్కో లైనుగా చూపిస్తుంది. ఆన్ చేయగానే తెర మీద లైన్లు వానలా పడ్డాయి. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"అన్ని చూడకక్కా, ఆగమైతవ్. పైన ఫిల్టర్ అని ఉంటది కదా, నేను చెప్పింది టైప్ చెయ్యి. ప్రింటర్‌ని హాల్‌చాల్ అడిగే సందేశాలు మాత్రమే కనపడ్తయ్."

టైప్ చేశాను. వాన ఆగింది. ఒక్కో చుక్క పడటం మొదలైంది. ఒక లైను, రెండు క్షణాలాగి ఇంకోటి, మళ్ళీ రెండు. ప్రతి లైనులోనూ ఎడమ పక్క నా లాప్‌టాప్ నంబర్, కుడి పక్క అది ఎవరిని అడుగుతోందో ఆ నంబర్. చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యలు.

"ఇది ఒక్కరిని అడగట్లేదే చెల్లీ. చాలామందిని అడుగుతోంది."

"ఎంతమందిని?"

"ఉండు, రాసుకుంటాను."

పాటల నోట్స్ వెనక పేజీలో రాశాను. చివర పన్నెండు ఉన్నది ఒకటి, నలభై అయిదు ఉన్నది ఒకటి, నూట ఏడు, నూట తొంభై. కొన్ని మొదటి అంకెల దగ్గరే వేరుగా ఉన్నాయి. ఏ జవాబూ రాకపోతే కాసేపాగి మళ్ళీ అడుగుతోంది. రాయడం ఆపేసరికి ఇరవై ఆరు నంబర్లయ్యాయి. వాటిలో ఒకటి చివర ఇరవై మూడు.

"బావగారి ఆఫీస్ లాప్‌టాప్ నంబర్ ఎంతనో చూడు" అంది చెల్లి.

పరిగెత్తుకెళ్ళి ఆయన గది తలుపు తోశాను. మీటింగ్‌లో ఉన్నారు. కాగితం మీద 'మీ నంబర్?' అని రాసి చూపించాను. ఆయన మాట్లాడుతూనే తెర మీద రెండు విండోలు తెరిచి, వేలు పెట్టి చూపించారు. ఇరవై మూడు.

"చెల్లీ, ఇరవై మూడు ఆయనదే."

"మరి మిగిలిన ఇరవై అయిదు ఎవరివక్కా? మీ ఇంట్ల అన్ని మిషన్లు ఉన్నయా?"

మా ఇంట్లో ఫోన్లు, టీవీ అన్నీ లెక్కేసినా పది దాటవు. చెల్లికి ఆ మాటే చెప్పాను. "నిజంగనే ఏదో ప్రోగ్రామ్ నంబర్లు ట్రై చేస్తున్నట్టే ఉందక్కా. గట్లయితే మంచిది కాదు" అంది.  ఇంతలో చెల్లికి మీటింగ్ వచ్చింది, అరగంటలో చేస్తానని పెట్టేసింది.

ఆ అరగంటా ఆ పేజీ ముందే కూర్చున్నాను. దొంగ అయితే వరసగా ఒకటి, రెండు, మూడు అని తట్టుకుంటూ పోవాలి. ఇది అలా లేదు. పన్నెండు తర్వాత నలభై అయిదు. ఎక్కడా వరస లేదు, కాని ఎవరో కావాలని ఎంచుకున్నట్టుంది. మళ్ళీ మళ్ళీ చదివాను. నూట తొంభై దగ్గర నాలుక ఆగింది. ఈ అంకె నేను ఇదివరకు పైకి అన్నాను. ఎవరో నాకు చదివి చెప్తే, నేను తిరిగి అని సరిచూసుకున్నాను. "వన్ నైంటీయా?" "అవునాంటీ, వన్ నైంటీ."

మోరిస్‌విల్‌లో కవలపిల్లలున్న ఇల్లు. ప్రింటర్ ఎత్తు షెల్ఫ్ మీద ఉంటే కవలల్లో ఒకమ్మాయి కుర్చీ ఎక్కి చదివింది.

ప్రింటర్లు, స్కానర్ల లిస్టు తెరిచాను. నేను ఎప్పుడూ పైనున్న ఒకటో రెండో చూసి మూసేసేదాన్ని. ఆ రోజు కిందికంటా లాగాను. ఇరవై ఆరు ప్రింటర్లు. అన్నిటికీ నేనే పేర్లు పెట్టుకున్నాను, ఏ ఇల్లో తెలియాలని. నర్సక్క ఇల్లు. కవలల ఇల్లు. డాక్టర్ గారిల్లు. బేస్‌మెంట్‌లో పియానో ఉన్న ఇల్లు. ఒక్కోదాని మీద నొక్కి, దాని నంబర్ ఎక్కడ దాచుకుందో వెతికి, నోట్స్‌తో కలిపి చూశాను. పన్నెండు, పియానో ఇల్లు. నూట ఏడు, డాక్టర్ గారిల్లు. నూట తొంభై, కవలలు. ఒక్కొక్కటి కలుస్తుంటే పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోయాను.  ఇరవై మూడు కోసం చివరిదాకా వెళ్ళాల్సి వచ్చింది. లిస్టులో అట్టడుగున ఉన్నది, మేము అందరికంటే ముందు వెళ్ళిన ఇల్లు. వాళ్ళు టెక్సస్‌కి మారిపోయి రెండేళ్ళు దాటింది.

చెల్లి మళ్ళీ ఫోన్ చేసేసరికి నేను హాల్లో అటూ ఇటూ తిరుగుతున్నాను.

"దొంగ కాదు చెల్లీ. సంఘం."

"ఏందక్కా?"

"అన్నీ మన ఇళ్ళే. మీ ఇల్లు కూడా ఉంది. నలభై అయిదు మీదే."

 చెల్లి నవ్వు ఫోన్‌లోంచి వంటింటిదాకా వినపడింది. "అంటే ఆరేండ్లల్ల నువ్వు ఒక్క ప్రింటర్ గూడ తీసెయ్యలేదా?"

"మళ్ళీ మీ వంతు వస్తుంది కదా, అప్పుడు పనికొస్తుందని."

"నంబర్ ఒక్కతీర్గ ఉండదక్కా. రౌటర్ మారితే నంబర్ మార్తది. నువ్వు ప్రతిసారి మళ్ళ టైప్ చేస్తనే ఉన్నవ్ కదా."

నిజమే. టైప్ చేసి నంబర్ మారుస్తున్నానే గాని, ఇంటిని తీయాలని ఎప్పుడూ తోచలేదు. ఇంటింటా జరిగే కాటేజీ ప్రార్థనల లిస్టులోంచి ఒక కుటుంబం పేరు కొట్టేయడమంటే, వాళ్ళు సంఘాన్ని విడిచారని అర్థం. మా నాన్న అలా కొట్టేసిన రోజుల్లో అన్నం తినేవారు కాదు. అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని కాబట్టి నా చెయ్యి అటు పోలేదు.

మిగతాది చెల్లి విడమరిచి చెప్పింది. ప్రతి ఇంటి రౌటరూ దాదాపు ఒకే రకం నంబర్లు పంచుతుంది. టెక్సస్ వెళ్ళినవాళ్ళ ఇంట్లో ఇరవై మూడు అంటే ప్రింటర్. మా ఇంట్లో ఇన్నాళ్ళూ ఇరవై మూడో నంబర్ ఖాళీగా ఉంది, అందుకే నా లాప్‌టాప్ ఎంత తట్టినా వినేవాళ్ళు లేరు. ఆదివారం పెట్టిన కొత్త రౌటర్ ఆ నంబర్‌ని మా ఆయన ఆఫీస్ లాప్‌టాప్‌కి ఇచ్చింది. ఇక నా లాప్‌టాప్, అన్నెం పున్నెం ఎరగక, దాన్ని పట్టుకుని నీలో కాగితం ఉందా అని అడగడం మొదలుపెట్టింది.

గురువారం సాయంత్రం ఇరవై ఆరు ప్రింటర్లూ తీసేశాను. ఒక్కటొక్కటిగానే తీశాను. తీసే ముందు ఆ ఇంటి కోసం ఒక్క మాట ప్రార్థించాను, దానికి గంట పట్టింది. ఫిల్టర్ పెట్టి చూస్తే తెర తెల్లగా ఉంది. ఒక్క లైను లేదు. ఉపవాసం విడిచి, మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన కుర్చీలో వెనక్కి వాలి, "నువ్వు మా టీమ్‌లో ఉండాల్సింది" అన్నారు. పెళ్ళైన పంతొమ్మిదేళ్ళలో నా పని గురించి ఆయన ఆఫీస్ మాటల్లో అన్న మొదటి మెచ్చుకోలు అది.

శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి సెక్యూరిటీ ఆయన మెసేజ్ పెట్టాడు. ప్రింటర్ సందేశాలు ఆగాయి, థాంక్స్. స్కానర్ కేకలు మాత్రం ఆగలేదు.

స్కానర్‌ని పూర్తిగా మర్చిపోయాను. చెల్లి మీటింగుల్లో ఉంది. ఫిల్టర్ తీసేసి ఆ వానలోనే నేనొక్కదాన్నీ వెతికాను. ఇప్పుడు నాకు చూపు అలవాటైంది. ఒకే ఆకారంలో ఉన్న లైను క్రమం తప్పకుండా వస్తోంది. దాని కుడి పక్క ఎవరి నంబరూ లేదు, చివర రెండు వందల యాభై అయిదు. అంటే అది ఏ ఒక్కరినీ కాక ఇంట్లో ఉన్న అందరినీ అడుగుతోందని నిన్న చెల్లి చెప్పింది. ఇలా అరిచేది ఏదో ఒక ప్రోగ్రామ్ అయి ఉండాలి. కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తామే లేచే ప్రోగ్రాముల లిస్టు తెరిచి, ఒకటి ఆపడం, రీస్టార్ట్ చేయడం, ఆ లైను వస్తోందో లేదో చూడడం, మళ్ళీ ఇంకోటి. నాలుగోసారికి దొరికింది. డాక్టర్ గారి అత్తగారి నోట్‌బుక్ స్కాన్ చేసినప్పుడు ఆ స్కానర్‌తో పాటు వచ్చిన చిన్న ప్రోగ్రామ్. స్కానర్ వాళ్ళింట్లో ఉంది, ప్రోగ్రామ్ నాతో వచ్చేసి, నాలుగేళ్ళుగా దాన్ని పిలుస్తూనే ఉంది. ఆ కేక ఒక్కటే ఉన్నన్నాళ్ళూ సెక్యూరిటీ వాళ్ళు పట్టించుకోలేదు, ప్రింటర్ సందేశాలు తోడయ్యాకే కంటపడి ఉంటుంది. దాన్ని తీసేశాను. పదిహేను నిమిషాలు తెర ముందే కూర్చున్నాను. ఆ లైను మళ్ళీ రాలేదు. ఎవరూ లేని హాల్లో చప్పట్లు కొట్టి దేవునికి స్తోత్రం చెప్పాను.

పన్నెండున్నరకి సెక్యూరిటీ వాళ్ళు ఇప్పుడంతా నిశ్శబ్దంగా ఉందన్నారు. ఇక ఫారమే మిగిలింది. మా ఆయన డైనింగ్ టేబుల్ మీదికి తన లాప్‌టాప్ తెచ్చుకుని రాశారు. కారణం, చేసిన పని, తేదీలు, అన్నీ చక్కగా. నేను పక్కన నిలబడి చదువుతున్నాను. చివరి ప్రశ్న దగ్గర ఆయన వేగంగా కిందికి వెళ్ళిపోయారు.

"ఆగండి, అదేంటి?"

ఇంటి సభ్యులు కానివారు ఈ నెట్‌వర్క్‌ని వాడతారా అని అడిగారు. ఆయన 'నో' అని టైప్ చేసి ఉంచారు.

"అందరూ అదే పెడతారు. ఎవరింటికి చుట్టాలు రారు?" అన్నారు.

"మనింటికి వచ్చేది చుట్టాలు కాదు కదండీ, నలభై మంది. వైఫై పాస్‌వర్డ్ ఫ్రిజ్ మీద అంటించి ఉంది. రేపు కూడిక మనింట్లోనే."

"అందుకే 'నో' పెట్టాను. 'యెస్' పెడితే ఏమవుతుందో తెలుసా? రెండు రోజులు నువ్వు పడ్డ కష్టం అంతా పోతుంది. అప్పుడు రేపటి కూడిక మనకి చివరిదవుతుంది. నీ సంఘం కోసమే చెప్తున్నా."

 ఆయన అన్నది అబద్ధం కాదు. పిల్ల స్కూల్, ఈ ఇల్లు, చెల్లి, నర్సక్క, అన్నీ ఆ రెండక్షరాల మీద నిలబడ్డాయి. కాని నా లోపల మా నాన్న కనపడ్డారు. ఏడాదంతా సండే స్కూల్ మానని పిల్లలకి బహుమతి ఉండేది. ఒక ఆదివారం నాకు జ్వరం. మందిరం వెనక గదిలో పడుకుని, గోడ ఇవతల నుంచి పాఠం అంతా విన్నాను. సాయంత్రం హాజరు పట్టీలో నా పేరు దగ్గర సున్నా ఉంది. ఏడ్చాను. ఆయన, "విన్నావమ్మా, కాని రాలేదు" అన్నారు. అంతకంటే ఇంకేం అనలేదు. బహుమతి పక్కింటి అమ్మాయికి వెళ్ళింది.

ఆ సంగతి మా ఆయనకి చెప్పలేదు. "రేపు వాక్యం చదవాల్సింది నేనే. మీరు 'నో' పెడితే నేను లేచి చదవలేను. వేరే ఊరు వెళ్ళి అయినా చదువుకుంటాను గాని, ఇలా ఇక్కడ ఉండి చదవలేను" అన్నాను.

"బెదిరిస్తున్నావా?"

"లేదండీ. భయపడుతున్నాను."

ఆయన కంప్యూటర్ దగ్గరికి లాక్కున్నారు. తర్వాత ఒక్కో అక్షరం చెరిపి, 'యెస్' అని రాసి, ఎంతమంది, ఎంత తరచుగా, ఎందుకు అన్నది కూడా కింద నాలుగు లైన్లు రాశారు. రెండూ పదికి పంపించారు. పంపి, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

ఆ మధ్యాహ్నం నేను ఎన్ని గిన్నెలు తోమానో లెక్క లేదు. మర్నాటి కూడికకి నలభై మందికి సరిపడా చికెన్ నానబెట్టాలి. నానబెడుతూ, ఇది ఈ ఇంట్లో చివరిసారేమో అనుకున్నాను. విచిత్రంగా కాళ్ళు తేలిగ్గానే ఉన్నాయి. రెండు రోజులుగా ఉన్న ఉత్సాహం తగ్గలేదు, రూపం మారింది, అంతే. ఇప్పుడు వెతకడానికి ఏమీ లేదు. ఎదురుచూడడమే.

నాలుగూ నలభైకి ఆయన ఫోన్ మోగింది. తలుపు తీసి స్పీకర్ పెట్టారు. సెక్యూరిటీ ఆయన గొంతు నెమ్మదిగా ఉంది. ఫారం రెండుసార్లు చదివానన్నాడు. ఇరవై ఆరు ఇళ్ళ ప్రింటర్లు అన్నది నిజమేనా అన్నాడు. నిజమేనన్నారు మా ఆయన. చివరి ప్రశ్నకి జనం 'యెస్' అని రాయడం తాను చాలా అరుదుగా చూస్తానన్నాడు. మా ఆయన నా వైపు చూశారు. ఆ తర్వాత విషయంలోకి వచ్చాడు. ఆఫీస్ లాప్‌టాప్‌ని ఇంట్లో ఎవరూ కలవని వేరే నెట్‌వర్క్ మీద ఉంచాలి, వచ్చేవాళ్ళకి గెస్ట్ నెట్‌వర్క్ ఇవ్వాలి, సోమవారానికి అది చేసినట్టు స్క్రీన్‌షాట్ పంపాలి. అలా పంపితే అనుమతి యథాతథంగా ఉంటుంది. ఇంకేమైనా అడగాలా అన్నాడు.

మా ఆయన "నో, థాంక్యూ" అన్నారు. ఫోన్ పెట్టేశాక కూడా కాసేపు దాన్ని చేతిలో అలాగే పట్టుకున్నారు.

సోమవారం దాకా ఆగలేదు. ఆ సాయంత్రం వెలుగు ఉండగానే కొత్త రౌటర్ ముందు కూర్చుని రెండు నెట్‌వర్కులూ చేసేశారు. ఫ్రిజ్ మీది పాత కాగితం చింపి, గెస్ట్ పాస్‌వర్డ్ రాసింది అంటించారు.

శనివారం పదిన్నరకల్లా ఇల్లు నిండిపోయింది. చెల్లి వస్తూనే ఈ కథంతా ఊదేసింది. నర్సక్క షీట్లు పంచుతున్న నా చెయ్యి పట్టుకుని, "మా ఇంటిని కూడా తీసేశావా తల్లీ? ఏం పాపం చేశాం?" అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు గొల్లున నవ్వారు. డాక్టర్ గారు, "నాలుగేళ్ళు మా స్కానర్‌ని పిలిచావట కదమ్మా, అది పలక్కపోవడం మర్యాద కాదు" అన్నారు.

నేను వాక్యం చదివి కూర్చున్నాక, దేవుడు చేసిన మేలు లేచి చెప్పుకునే సాక్ష్యాల సమయం వచ్చింది. మా ఆయన కూడికల్లో కుర్చీలు వేస్తారు, కార్లు ఎక్కడ ఆపాలో చూపిస్తారు. ఎన్నడూ లేచి మాట్లాడరు. ఆ రోజు నేను లేవబోతుంటే వెనక నుంచి కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆయన నిలబడి ఉన్నారు, చేతులు ప్యాంట్ జేబుల్లో.

"ప్రింటర్ల సంగతి మీకు తెలిసిపోయింది" అన్నారు. "నేను చెప్పేది వేరే. ఒక ఫారంలో మీ అందరూ మా ఇంటికి రారని టైప్ చేశాను. తర్వాత చెరిపి, వస్తారని రాశాను. మేము ఇక్కడే ఉంటున్నాం. అంతే."

కూర్చున్నారు.  తర్వాతి పాట నేను ఎత్తుకోవాలి. షీటు చేతిలోనే ఉంది, మొదటి మాట కళ్ళ ముందే ఉంది. నేను మాత్రం వెనక్కి తిరిగి ఆయన్నే చూస్తున్నాను. ఈలోగా వెనక వరసలోంచి చెల్లి ఎత్తుకుంది.